పాడిన నోరు

హాలండ్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న మా వోలెన్‌డామ్‌లో ఇంటిపేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కట్ట మీద నిలబడి క్వాక్‌మన్ అని ఒక్క కేక వేస్తే సగం ఊరు తల తిప్పుతుంది. అందుకని ఊరే ప్రతివాడికీ ఒక ఎగతాళి పేరు తగిలిస్తుంది. ఒకసారి తగిలిందా, ఇక వదలదు. చావుకబురు కార్డు మీద కూడా అసలు పేరు పక్కన దాన్నే అచ్చేస్తారు. పాటగాడు సీమ్ క్వాక్‌మన్‌కి తగిలిన పేరు చెక్కజోళ్ళ సీమ్. అతని పాట దేశమంతా మోగిన ఏడాది తగిలింది. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే సీమ్ చెవులు ఎర్రబడేవి, చూపు నేల మీదికి పోయేది. ‘ఇంత పేరొచ్చినా పాపం ఎంత అణకువో!’ అని ఆడవాళ్ళు మురిసిపోయేవారు. అణకువా, నా మొహమా! అది సిగ్గు. ఒట్టి సిగ్గు.

ఆ సిగ్గు ఒక సింటర్‌క్లాస్ సాయంత్రం మొదలైంది. సింటర్‌క్లాస్ అంటే పిల్లలకి కానుకలు తెచ్చే ముసలి సాధువు; ఆయన పేరు మీద డిసెంబరు అయిదున మా ఇళ్ళల్లో అందరం కానుకలు ఇచ్చుకుంటాం. నెల ముందే చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్ళకి ఒక చిన్న కానుక, దాంతోపాటు వాళ్ళని ఆటపట్టిస్తూ ఒక పద్యం. కింద సంతకం మాత్రం మన పేరు కాదు, ‘సింట్’ అని ఆ పెద్దాయన పేరే. రాసిందెవరో ఇంట్లో పిల్లికి కూడా తెలిసిపోతుంది, అయినా పైకి అనకూడదు. ఇంకో నియమం ఉంది. కానుక అందుకున్నవాళ్ళు ఆ పద్యాన్ని అందరి ముందూ పైకి చదవాలి. ఎంత ఏకిపారేసినా నవ్వుతూ చదవాలి. ముక్కు పొడుగని రాసినా, పిసినారివని రాసినా తప్పించుకోవడం కుదరదు.

ఆ ఏడాది ఇంట్లో ముగ్గురే మిగిలారు. తండ్రి కీస్, పెద్దది హిల్, చిన్నవాడు సీమ్. తల్లి వసంతకాలంలో పోయింది. కీస్ సరస్సులో పాముచేపలు పట్టేవాడు. హిల్ కట్ట మీది చేపల కొట్లో ఆ పాముచేపలకి పొగబెట్టి తోలు వలిచేది. సీమ్ మాత్రం గిటారు మెడలో వేసుకుని కాఫీ కొట్ల వెంట, తిరునాళ్ళ వెంట తిరిగేవాడు. ‘పని చెయ్యరా’ అని తండ్రి తిట్టడం, ‘పాటా పనే నాన్నా’ అని కొడుకు అనడం రోజూ ఉండేదే.

చీటీల్లో తండ్రి పేరు హిల్‌కి వచ్చింది. మసాలా బిస్కెట్లు తింటూ కీస్ తన పొట్లం విప్పాడు. లోపల ఉన్ని చేతితొడుగులు, ఒక కాగితం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదట అంతా ఆయన ముక్కు మీద, ఆయన గురక మీద, వల కంటే చిరుగులెక్కువ ఉన్న ఆయన స్వెట్టరు మీద. కీస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరి నాలుగు పాదాల దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోయింది. కాగితం కొడుకు చేతికిచ్చి, “నువ్వు చదవరా. పాడేవాడివి గదా” అన్నాడు.

సీమ్ చదివాడు.

గుమ్మం ముందు రెండు జతలు, దారినపోయే జనం చూసి
ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారనుకుని పోతారు నవ్వేసి.
ఒక జత బురద రోజూ మారు, ఒక జత బురద మారదు;
కడగనివ్వడు మా ముసలాయన, అడిగితే బదులు రాదు.

మా వైపు చెక్కజోళ్ళు గుమ్మం బయటే విడుస్తారు. బయట ఎన్ని జతలుంటే లోపల అంతమంది ఉన్నట్టు. ఆ ఇంట్లో పిల్లలిద్దరివీ బూట్లే, చెక్కజోళ్ళు తొడిగేది మొగుడూ పెళ్ళాలే. పెళ్ళాం పోయి ఏడు నెలలైనా కీస్ ఆమె జతని అక్కడి నుంచి తియ్యలేదు. ఆఖరిసారి బంగాళాదుంపలు నాటి వచ్చినప్పటి మట్టి వాటికి అలాగే ఉంది. ఊళ్ళో అందరూ చూశారు, ఎవరూ నోరెత్తలేదు. హిల్ ఆ సంగతిని నాలుగు పాదాల్లో పెట్టేసింది. ముగ్గురూ ఏడ్చారు. ఆ పైన కీస్ ముక్కు చీది, “సింట్ ముసలోడికి కళ్ళు బాగానే కనపడుతున్నాయే” అన్నాడు. హిల్ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాగితం సీమ్ చేతిలోనే ఉండిపోయింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

క్రిస్మస్ రాకముందే దానికి బాణీ కుదిరింది. బాణీ సీమ్‌దే, అందులో అబద్ధం లేదు, మంచి బాణీ కూడాను. కొత్త ఏడాదిలో హిల్వర్సమ్ నుంచి రికార్డు కంపెనీ ఆయన ఒకడు తిరునాళ్ళ డేరాలో ఆ పాట విని, సీమ్‌ని పిలిపించుకున్నాడు. కాగితాలు ముందేసుకుని, సిగరెట్ నోట్లోంచి తియ్యకుండానే అడిగాడు: “బాణీ నీదే. మాటలెవరివి?”

సింట్ పద్యానికి రాసినవాళ్ళ పేరు చెప్పకూడదు గదా, అది ఆచారం గదా అని సీమ్ తనకి తనే చెప్పుకున్నాడు. బాగానే ఉంది. కానీ ఆచారం అవతలివాళ్ళ పేరు చెప్పొద్దంది గాని, నీ పేరు చెప్పుకోమన్నదిట్రా సీమ్? “నావే” అన్నాడు. ఒక్క మాట. ఆయన రాసుకున్నాడు.

పాట ఎలా మోగిందో చెప్పక్కర్లేదు. రేడియోలో అదే, మంగలిషాపులో అదే, చర్చి నుంచి వచ్చే ముసలమ్మల నోట అదే. రికార్డు ఊళ్ళోకి వచ్చిన రోజు సీమ్ ఒకటి ఇంటికి పట్టుకొచ్చాడు. హిల్ ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టి, రికార్డు అట్టని రెండు వైపులా తిప్పి చూసింది. వెనక చిన్న అక్షరాల్లో మాటలు, సంగీతం: సీమ్ క్వాక్‌మన్ అని ఉంది. ఆమె అక్కడ కాస్త ఎక్కువసేపే చూసింది. హిల్ అట్టని బల్ల మీద పెట్టేసి, “ఫోటో బాగా వచ్చింది” అని మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది.

అరిచినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. ఆమె ఏమీ అనలేదు. సీమ్ మొదటి సొమ్ము చేతికి రాగానే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి ఆమెకో ఖరీదైన కోటు కొన్నాడు, ఒంటె రంగుది. హిల్ మర్నాడే ఆ కోటు తొడుక్కుని పొగగదిలోకి పోయి, పాముచేపలకి పొగబెట్టింది. సాయంత్రానికి ఆ కోటు దగ్గరికి పిల్లులు తప్ప ఎవరూ రాలేకపోయారు. తండ్రి అదంతా చూసి కాఫీ తాగుతూ ఊరుకున్నాడు. ఆయనకి తెలుసు. తెలిసీ, కొడుకు టీవీలో కనపడుతుంటే ఏ తండ్రి మాత్రం నోరు విప్పుతాడు? ఆ గుట్టు ఆయన తనతోనే పట్టుకుపోయాడు.

మరుసటి ఏడాది సింటర్‌క్లాస్‌కి హిల్ చీటీలో పక్కింటి పెద్దమ్మ పేరు వచ్చింది. ఆ పెద్దమ్మ పొట్లం విప్పి పద్యం చదివింది: “సింట్ సాక్సులు కొన్నాడు. వేసుకో.” అంతే. అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే. హిల్‌కి ఎవరి పేరు వచ్చినా సాక్సులే, అదే ముక్క. క్రేలిస్‌ని పెళ్ళి చేసుకుంది, కూతురు లైస్ పుట్టింది, ఆ కూతురు పెద్దదైంది. ఆ ఇంట్లో హిల్ కవిత్వం అంటే పెద్ద వేళాకోళం. “మా ఆవిడకి చేప తల ఏదో తోక ఏదో తెలుసు గాని, పద్యానికి తల తెలీదు తోక తెలీదు” అనేవాడు క్రేలిస్. హిల్ కూడా నవ్వేది. సీమ్ ఒక్కడు నవ్వలేక బిస్కెట్ నోట్లో కుక్కుకునేవాడు.

ఇక అతని పాటల బతుకు గురించి రెండు ముక్కలు. రెండో రికార్డుకి మాటలు తనే రాసుకున్నాడు. చంద్రుడు, రేవు, ఎర్ర పెదాలు. ఎవరూ కొనలేదు. మూడో రికార్డు ముందు ఇక లాభం లేదని ఒకరోజు చేపల కొట్టు వెనక గుమ్మం దగ్గర నిలబడి, “అక్కా, రెండు లైన్లు...” అన్నాడు. అతను తల ఎత్తలేదు. హిల్ పాముచేప తోలు ఒక్క లాగు లాగి బుట్టలో పడేసి, “నాకు రాదురా. నాకు సాక్సులే వచ్చు” అంది. ఆ మాటకి సీమ్ నేలలోకి కుంగిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాతంతా ఒక్క పాట మీదే బండి లాగాడు. జర్మన్ భాషలోనూ పాడాడు. తర్వాత కారు డిక్కీలో ఆర్కెస్ట్రా టేపు వేసుకుని దక్షిణాన బ్రబాంట్ డాన్సు హాళ్ళు తిరిగాడు. జనం తాగి అరుస్తుంటే మధ్యలో నిలబడి పాడాడు. పెళ్ళాం ట్రీన్ విసుగెత్తి, “నీకు ఇల్లు కన్నా ఆ టేపే ఎక్కువ” అని పెట్టె సర్దుకుని పోయింది. సోఫాల షాపులు తెరిచిన చోటా, రైన్ నది పడవల మీదా, ముసలివాళ్ళ ఆశ్రమాల్లో కాఫీ వేళా పాడాడు. జుట్టు తెల్లబడింది, రంగు వేశాడు, మళ్ళీ మానేశాడు. ఎక్కడికెళ్ళినా చివర్లో అదే పాట. పాడటం అయ్యాక కుడిచెయ్యి గుండె మీద వేసుకుని తల వంచడం అలవాటు. కలలో చప్పట్లు వినపడినా ఆ చెయ్యి గుండె మీదికే పోయేదేమో.

అన్నిటికన్నా నరకం అంత్యక్రియలు. దేశంలో సగం శవపేటికల పక్కన ఆ పాటే పెట్టేవారు. ఒక్కోసారి అతన్నే పిలిచేవారు. పాట అయ్యాక కాఫీ, కేకు ఇచ్చే చోట ప్రతిసారీ కొత్తగా విధవైన ముసలావిడ ఎవరో ఒకామె వచ్చి అతని రెండు చేతులూ పట్టుకునేది. “బాబూ, ఆ బురద సంగతి నీకెలా తెలిసింది? మా ఆయన బూట్లు నేనూ కడగలేదు. ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసిందయ్యా?” సీమ్ ఏం చెబుతాడు? నాకు తెలీదమ్మా, మా అక్కకి తెలిసింది, ఆవిడ కట్ట మీద చేపలు వలుస్తోంది అని చెప్పాలి. చెప్పలేదు. తల దించుకునేవాడు. వాళ్ళు అతన్ని ఇంకా గట్టిగా పట్టుకుని ఏడ్చేవారు. కారులో కూచుని అద్దంలో మొహం చూసుకోడానికి కూడా అతనికి మనసొప్పేది కాదు.

ఇలా నలభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఇంకా నెట్టేవాడే, ఆ రాయి రాకపోతే.

కట్ట మీద పాత రేవు దగ్గర పెద్ద నీలిరంగు బండరాయి పెట్టి దాని మీద ఆ నాలుగు పాదాలూ చెక్కించాలని ఊళ్ళో పెద్దలు ఒక కమిటీ వేశారు. అందులో బావ క్రేలిస్ ఒకడు. నవంబరులో చీటీలు తియ్యడానికి అందరూ హిల్ ఇంట్లో చేరినప్పుడు క్రేలిస్ ఆ నమూనా కాగితాన్ని బల్ల మీద పరిచాడు. నాలుగు పాదాలు, కింద సీమ్ పేరు.

“చూడు బావమరిదీ, నీ పేరు ఎంత లావుగా చెక్కుతున్నారో! నువ్వు పోయాక కూడా కుక్కలన్నీ కాలెత్తడానికి నీ దగ్గరికే వస్తాయి” అన్నాడు క్రేలిస్.

“నాన్నా!” అంది లైస్. “ఊరికే అంటాడు మావయ్యా. కమిటీలో నీ కోసం బల్ల గుద్ది మాట్లాడింది ఆయనే.”

“మరి? మా ఇంటి మనిషి. సింటర్‌క్లాస్ అయిన మర్నాడే రాళ్ళు చెక్కేవాడికి ఇచ్చేస్తున్నాం. ఒకసారి చెక్కాక ఇక మార్చేది లేదు, తప్పులుంటే ఇప్పుడే చెప్పు.”

తప్పులుంటే ఇప్పుడే చెప్పు. సీమ్ కాగితం వైపు చూశాడు, హిల్ వైపు చూశాడు. హిల్ చీటీలు మడుస్తోంది. ఆమె తలెత్తనైనా ఎత్తలేదు. రికార్డు అట్ట అంటే చెత్తలో పోతుంది, రాయి ఎక్కడికీ పోదు. రోజూ కొట్టుకి వెళ్తూ వస్తూ ఆవిడ దాని పక్కనుంచే నడవాలి. నోరు తెరిచాడు. “ఏం లేదు బావా, అంతా బాగుంది” అన్నాడు. ఛీ!

ఆ తర్వాత చీటీ తీశాడు. విప్పి చూస్తే హిల్ పేరు.

అప్పుడు తట్టింది అతనికి ఆ ఉపాయం. నోటితో చెప్పలేనిది పద్యంలో పెడితే? సింట్ చెప్పినట్టుగా పెడితే? ఇన్నాళ్ళకి తనకో దారి దొరికిందని పొంగిపోయాడు. మూడు వారాలు కూచుని రాశాడు. తన మొత్తం జీవితంలో ఏ పాటకీ అంత కష్టపడలేదు. అయినా అది అతని కవిత్వమే, ఎంత గీకినా అంతే. దాన్ని మడిచి, మెత్తటి ఉన్ని శాలువా ఒకటి కొని, పొట్లం కట్టాడు. ఇందులో ఒక సంగతి అతనికి తట్టనే లేదు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతి.

డిసెంబరు అయిదు సాయంత్రం సింట్ వచ్చినట్టుగా పక్కింటివాళ్ళెవరో తలుపు దబదబా బాదారు. లైస్ వెళ్ళి కానుకల గోనెసంచీ లోపలికి ఈడ్చుకొచ్చింది. ఎవరి పేరులోని మొదటి అక్షరం వాళ్ళకి, చాక్లెట్‌తో చేసి పళ్ళెంలో పెట్టి ఉంది. ముందు చుట్టాల పొట్లాలు, ఆ పైన క్రేలిస్‌ది, తర్వాత లైస్‌ది, తర్వాత సీమ్‌ది. సీమ్‌కి లైస్ రాసింది, అతని జుట్టు రంగు మీద. నవ్వుతూ చదివాడు. ఆఖరుకి హిల్ పొట్లం.

“చదువు, చదువు” అన్నాడు క్రేలిస్. “సింట్ ఈసారి పేజీ నిండా తిట్టినట్టున్నాడే!”

హిల్ కళ్ళజోడు పెట్టుకుంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, సీమ్‌కి ఆ సంగతి తట్టింది. ఆవిడ పైకి చదవాలి! అందరి ముందూ, తన నోటితో, నవ్వుతూ! పద్యం లాక్కోవాలనిపించింది.

“సింట్‌కి తెలుసు హిల్ సంగతి, చేపల కొట్టు రాణి,” అని మొదలుపెట్టింది హిల్. “ఆమె చేతి వాసన తగిలితే పిల్లులు చేస్తాయి బోణీ...”

నవ్వులు. ఇంకో నాలుగు పాదాలు అలాంటివే. తర్వాత ఏముందో సీమ్‌కి కంఠతా వచ్చు. ‘నలభై ఏళ్ళ కిందట నువ్వు నాన్నకి రాసిన మాటలు, నీ తమ్ముడు దొంగిలించి కట్టుకున్నాడు కోటలు.’ హిల్ కళ్ళు ఆ పాదం మీద పడటం అతను చూశాడు. ఆమె గొంతు ఆగింది. కళ్ళజోడు సర్దుకుంది. కాగితాన్ని కాస్త దూరంగా పట్టుకుంది. మళ్ళీ చదివింది, తడుముకోకుండా, అదే గొంతుతో:

“హిల్‌కి రాదు కవిత్వం, రెండు ముక్కలు కుదరవు;
ఏటేటా అవే సాక్సులు, ఒక్కరి కాళ్ళకీ అతకవు.
అయినా హిల్‌ని ఏమనకండి, చేతినిండా చేప పొలుసు;
ఎవరేం ఎత్తుకుపోయినా పిల్లికన్నా ముందే తెలుసు!”

కాగితంలో ఆ మాటలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇల్లు నవ్వులతో దద్దరిల్లింది. క్రేలిస్ బల్ల మీద చేత్తో కొట్టాడు. “పిల్లికన్నా ముందే తెలుసట! ఓరి నీ దుంప తెగ! రాసిందెవరో చెప్పకూడదు గాని, ఈ ఇంట్లో ఇలా రాయగలిగినవాడు ఒక్కడే!” అంటూ సీమ్ వీపు మీద చరిచాడు.

“మావయ్యా, నీ చెయ్యి ఇంకా పడిపోలేదు!” అంది లైస్. అందరూ అతని వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

సీమ్ కుడిచెయ్యి లేచింది. అతను లేపలేదు, అదే లేచింది. గుండె మీద పడింది. తల వంగింది. ఏం చేశానో తెలిసేసరికి అయిపోయింది. మళ్ళీ ఆమె మాటలే, మళ్ళీ తనకే చప్పట్లు, మళ్ళీ తనే తల వంచాడు. నలభై ఏళ్ళ కిందటిది చాటున చేసిన దొంగతనం. ఇది ఆమె కళ్ళెదుటే చేసింది. ఆ సిగ్గు ఎలాంటిదంటే, అక్కడే ప్రాణం పోయినా బాగుండుననిపించింది.

హిల్ కాగితాన్ని నాలుగు మడతలు వేసి స్వెట్టరు జేబులో పెట్టుకుంది. కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. సీమ్ వెనకాలే వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

“ఎందుకు చదవలేదక్కా?”

“ఏది?” హిల్ కుళాయి తిప్పింది.

“నేను రాసింది. అందరికీ తెలియాలనే రాశాను. నీకు న్యాయం...”

“న్యాయమా!” హిల్ ఇటు తిరిగింది. చేతుల నుంచి నురగ కారుతోంది. “నీకు నోరు లేదట్రా? ఊరూరా తిరిగి నలభై ఏళ్ళు పాడావే, అది నీ నోరే గదా? పాడటానికి నీ నోరు, ఒప్పుకోడానికి నా నోరా? నన్ను అందరి మధ్యా కూచోబెట్టి, ‘అయ్యా, నన్ను దోచుకున్నారు’ అని నా చేతే చదివిస్తావా? అదీ నవ్వుతూ చదవాలి కూడాను!”

“అంత దూరం ఆలోచించలేదక్కా” అన్నాడు సీమ్.

“ఎప్పుడాలోచించావు గనక” అని హిల్ మళ్ళీ కుళాయి వైపు తిరిగింది. “పో. నీ కోసం చూస్తుంటారు.”

నిజంగానే చూస్తున్నారు. సింటర్‌క్లాస్ సాయంత్రం ఆఖర్న అతను ఆ పాట పాడటం ఆ ఇంట్లో రివాజు. లైస్ గోడ మీది గిటారు దింపి ఉంచింది. “రా రా, చెక్కజోళ్ళ సీమ్!” అన్నాడు క్రేలిస్.

సీమ్ గిటారు అందుకోలేదు. గది మధ్యలో నిలబడ్డాడు. “ఆ పాట మాటలు నావి కావు. హిల్‌వి” అన్నాడు.

క్రేలిస్ పగలబడి నవ్వాడు. “ఒరేయ్, సింట్ వెళ్ళిపోయాడు, ఇక ఎగతాళి చాలు!”

“అమ్మ కవిత్వమా? మరి అందులో సాక్సులేవి మావయ్యా?” అంది లైస్ కళ్ళు తుడుచుకుంటూ.

సీమ్ తల తిప్పి చూశాడు. వంటింటి గుమ్మంలో హిల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. చెప్పక్కా, నువ్వన్నా చెప్పు, అన్నట్టు చూశాడు. ఆమె పెదవి కదపలేదు. అప్పటికి గాని తెలిసిరాలేదు అతనికి, మళ్ళీ ఆమె నోరే అడుగుతున్నానని.

“నవ్వొద్దు” అన్నాడు. గొంతు పగిలింది, పాటగాడి గొంతు. “బావా, నవ్వొద్దు. అమ్మ పోయిన ఏడాది సింటర్‌క్లాస్‌కి అక్క నాన్నకి రాసిన పద్యం అది. నాన్న చదవలేక నా చేతికిచ్చాడు. నేను జేబులో పెట్టుకుని పోయాను. మాటలెవరివని రికార్డు కంపెనీ ఆయన అడిగితే నావే అన్నాను. అక్కని అడగలేదు. ఆ తర్వాతా చెప్పలేదు. ఇందాక చదివింది కూడా నాది కాదు. నేను రాసింది అక్క జేబులో ఉంది, చెత్తగా ఉంది. ఆ నాలుగూ అక్క అప్పటికప్పుడు అల్లింది. నేను వాటికి తల వంచాను.”

ముందు లైస్ నవ్వు ఆగింది. క్రేలిస్ చేతిలో కప్పు పట్టుకునే ఉన్నాడు, తాగడం మరిచిపోయాడు.

“హిల్?”

“ఊఁ.”

“నిజమేనా?”

“నిజమే.”

“మా అమ్మ పోయినప్పుడు చర్చిలో ఆ పాటే గదే పెట్టించాం. నా పక్కనే నిలబడ్డావు. నాకు ఒక్క ముక్క చెప్పలేదే!”

“అక్కడికి మీ అమ్మ కోసం ఏడవడానికి పోయాం. నా గొప్ప చెప్పుకోడానికి కాదుగా” అంది హిల్.

క్రేలిస్ కప్పు బల్ల మీద పెట్టాడు. బావమరిది వైపు చూసిన చూపులో ఎగతాళి ఇసుమంత కూడా లేదు. పెళ్ళాన్ని చేప తల, చేప తోక అని వెక్కిరించిన ఏళ్ళన్నీ ఆయనకీ గుర్తొచ్చినట్టున్నాయి, మెడదాకా ఎర్రబడ్డాడు. “రేపు పొద్దున్నే కమిటీకి ఫోన్ చెయ్యాలి” అన్నాడు. “నేను పక్కనే కూచుంటాను. నేను మాట్లాడను. నువ్వే మాట్లాడతావు.”

“నేనే మాట్లాడతాను బావా.”

లైస్ వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. “అమ్మా, ఆ పిల్లి ముక్క... అది కూడా నువ్వేనా?”

“మరి? మీ మావయ్యకి అంత తెలివుందనుకున్నావా?” అంది హిల్. ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు.

ఆ సాయంత్రం ఎవరూ పాడమనలేదు. గిటారు కుర్చీ మీద అలాగే ఉండిపోయింది. సీమ్ కోటు తొడుక్కుని, ఎవరి వైపూ చూడకుండా గుమ్మం దాటాడు. సరస్సు మీంచి గాలి మొహం మీద కొట్టింది. వెనక తలుపు తెరుచుకుంది. హిల్ వచ్చి, అతను మరిచిపోయిన చాక్లెట్ అక్షరాన్ని అతని చేతిలో పెట్టింది.

క్షమించానంటుందేమోనని అతను నిలబడ్డాడు. ఆమె అలాంటిదేమీ అనలేదు.

“వచ్చే ఏడు చీటీల్లో నీ పేరు నాకు రాకూడదని మేరీమాతకి మొక్కుకో” అంది.

“వస్తే?”

“వస్తే రాస్తాను. సాక్సులు కాదు. నాలుగు పేజీలు రాస్తాను, నలభై ఏళ్ళ సంగతులూ రాస్తాను. నువ్వు అందరి ముందూ నిలబడి ఒక్క ముక్క వదలకుండా పైకి చదవాలి.”

సీమ్ తల దించుకుని చాక్లెట్ వైపు చూస్తూ, “నవ్వుతూనా?” అన్నాడు.

“నవ్వుతూనే” అని హిల్ తలుపు వేసుకుంది.